విరిచిన లాకు, అంటించిన సెల్లోటేపు

మా ఇంట్లో ఒక ఆడియో క్యాసెట్ ఉంది. లేబుల్ మీద "పెద్దమ్మ - మంగళహారతులు" అని నాన్న చేతిరాత. దాన్ని అడ్డంగా కొట్టేసి, కింద మా అన్నయ్య రాసిన సినిమా పేరు. పెట్టి వింటే సినిమా పాటలే వస్తాయి. పాటకీ పాటకీ మధ్య నిశ్శబ్దంలోనైనా పెద్దమ్మ గొంతు లీలగా వినిపిస్తుందేమోనని చెవి ఆనించి విన్నాను. టేప్‌రికార్డర్ ఆ అవకాశం ఇవ్వదు. రికార్డు బటన్ నొక్కితే టేపు ముందుగా చెరిపే హెడ్డును రాసుకుంటూ పోతుంది, ఆ తర్వాతే రాసే హెడ్డు దగ్గరికొస్తుంది. వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ఆ పైన ముగ్గు పెట్టినట్టు.

నాన్న జాగ్రత్త పడకపోలేదు. క్యాసెట్ వెనక అంచున రెండు మూలలా రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలుంటాయి. వాటిని విరిచేస్తే రికార్డు బటన్ కిందికి దిగదు. లాక్ విరగ్గొట్టడం అనేవాళ్ళం. నాన్న విరగ్గొట్టారు. కానీ ఆ గుంటలో కాగితం ఉండ కుక్కినా, పైన సెల్లోటేపు ముక్క అంటించినా బటన్ మళ్ళీ దిగుతుందన్న సంగతి వీధిలో పిల్లలందరికీ తెలుసు. మా అన్నయ్యకు ఇంకా బాగా తెలుసు.

ఆ సెల్లోటేపు ముక్క గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. టేపు మీది అయస్కాంతపు పొడికి తనమీద ఏముందో తెలియదు, దాన్ని కాపాడాలనీ తెలియదు. ఒప్పుకోనన్నది యంత్రం. దాన్ని నమ్మించడానికి ఒక అంగుళం సెల్లోటేపు చాలింది. కంప్యూటర్ నిల్వ సాధనాల అట్టపెట్టెల మీద ఒకసారి మాత్రమే రాసేది, మళ్ళీమళ్ళీ రాసేది అని రెండు జాతులుగా ముద్రించి ఉంటుంది గానీ, చూడాల్సింది వేరే ఉంది. మారనంటున్నది పదార్థమా, యంత్రమా? మారకపోయినంత మాత్రాన అది నిలుస్తుందా?

ఈ రెండు జాతులనూ ఒకే పెట్టెలో పెట్టుకుని చంద్రుడి దాకా వెళ్ళిన కంప్యూటర్ ఒకటుంది. అపోలో నౌకల్లో దారి చూపిన గైడెన్స్ కంప్యూటర్‌లో చెరపగలిగే జ్ఞాపకం 2,048 పదాలు, చెరపలేనిది 36,864 పదాలు. ఒక్కో పదం 16 బిట్లు. మొత్తం కలిపినా ఈరోజు ఫోనులో పంపుకునే ఒక గుడ్ మార్నింగ్ బొమ్మకు సరిపోదు. ఆ చెరపలేని భాగాన్ని నేశారు. అలంకారానికి అన్న మాట కాదు, నిజంగానే నేశారు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, వాల్తమ్‌లోని రేథియాన్ కర్మాగారంలో స్త్రీలు ఎదురెదురుగా కూర్చుని, చిన్న అయస్కాంత వలయాల వరసలోంచి సన్నని రాగి తీగను ఇటునుంచి అటు అందించుకునేవారు. తీగ వలయం లోపలి నుంచి పోతే 1, పక్కనుంచి పోతే 0. వాళ్ళలో చాలామంది బట్టల మిల్లుల్లోనో గడియారాల కంపెనీలోనో చేయి తిరిగినవాళ్ళు. ఒక ప్రోగ్రామును ఇలా తాడులా పేనడానికి వారాలు పట్టేది. అందుకే ప్రయోగానికి నెలల ముందే ప్రోగ్రాము రాసేవాళ్ళు కలం పక్కన పెట్టాల్సివచ్చేది. నేసిన తర్వాత తప్పు దొరికితే దిద్దడం ఉండదు, విప్పడమే. మగ్గం మీద దారం ఒకటి తప్పితే ఏమవుతుందో పోచంపల్లిలో ఎవరినడిగినా చెబుతారు.

ఇంత మొండి జ్ఞాపకం 1971 ఫిబ్రవరిలో అపోలో 14కు దాదాపు ఎసరు పెట్టింది. చంద్రుడి మీద దిగడానికి సిద్ధమవుతుండగా, దిగడం మానేసి పైకి వెళ్ళిపొమ్మని చెప్పే అబార్ట్ స్విచ్ ఎవరూ నొక్కకుండానే నొక్కినట్టు సంకేతం రాసాగింది. ప్యానెల్ మీద తడితే పోయేది, మళ్ళీ వచ్చేది. స్విచ్ లోపల టంకం బిందువేదో ఊడి తేలుతోందని అనుమానం. ఇంజన్ మండుతూ కిందికి దిగేటప్పుడు అదే సంకేతం వచ్చిందంటే కంప్యూటర్ ఇంకేమీ ఆలోచించకుండా దిగడం మానేసి నౌకను వెనక్కి ఎగరేస్తుంది. ఆ స్విచ్‌ను పట్టించుకోవద్దని ప్రోగ్రాములో ఒక మాట మార్చితే సరిపోతుంది. కానీ ప్రోగ్రాము రాగితీగల్లో నేసి ఉంది, చంద్రుడి దగ్గర ఉంది.

భూమ్మీద మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ప్రయోగశాలలో డాన్ ఐల్స్ అనే యువ ప్రోగ్రామర్, దిగేలోపు ఉన్న కొద్ది వ్యవధిలో ఒక సందు కనిపెట్టాడు. ఇప్పుడు ఏ ప్రోగ్రాము నడుస్తోందో చెప్పే అంకె చెరపగలిగే జ్ఞాపకంలో ఉంటుంది. అక్కడ అబార్ట్ ప్రోగ్రాము అంకె 71ని ముందే రాసేస్తే, స్విచ్ నుంచి సంకేతం వచ్చినప్పుడు కంప్యూటర్ ఆ గడి చూసి, అబార్ట్ ఎలాగూ నడుస్తోంది కదా అనుకుని ఊరుకుంటుంది. వ్యోమగాములు ఆ అంకెల్ని మీటల మీద నొక్కారు. నౌక దిగింది. అంటే 36,864 పదాల రాతినుంచి బయటపడటానికి 2,048 పదాల ఇసక అక్కరకొచ్చింది.

ఇక్కడితో ఆపేస్తే మళ్ళీమళ్ళీ రాసేదే గొప్పదన్న అర్థం వస్తుంది. మరి అపోలో 11 సంగతి? 1969 జులైలో చంద్రుడి మీద నుంచి వచ్చిన టీవీ చిత్రం మామూలు టీవీల పద్ధతిలో రాలేదు. సెకనుకు 10 ఫ్రేముల చొప్పున ప్రత్యేక పద్ధతిలో వచ్చింది. దాన్ని తెరమీద వేసి, ఆ తెరకెదురుగా ఇంకో కెమెరా పెట్టి, మామూలు ప్రసారంగా మార్చి లోకానికి చూపించారు. మనం ఇప్పటికీ చూస్తున్న మసక బొమ్మ అదే. అంతకంటే స్పష్టమైన అసలు సంకేతాన్ని టెలిమెట్రీ టేపుల మీద విడిగా రికార్డు చేశారు. ఏళ్ళ తర్వాత వాటికోసం వెతికితే దొరకలేదు. ఆ రోజుల్లో టేపుకు కరువొచ్చి, నాసా వేల కొద్దీ పాత టేపుల్ని చెరిపి వాడుకుందనీ, ఇవీ వాటిలో కలిసిపోయి ఉంటాయనీ 2009లో ఆ సంస్థే చెప్పింది. ఎవరూ కక్షతో చేయలేదు. చెరిపితే మళ్ళీ వాడుకోవచ్చు కాబట్టి చెరిపారు. మా అన్నయ్యదీ అదే ధోరణి. నేసిన తాళ్ళు మాత్రం ఉన్నాయి. యాభై ఏళ్ళ తర్వాత కొన్ని మాడ్యూళ్ళ నుంచి ప్రోగ్రాములను మళ్ళీ బయటికి చదవగలిగారు కూడా.

మనలో ఎక్కువమందికి ఈ తేడా చేతికి తగిలింది సీడీల కాలంలో. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో యాభై ఖాళీ సీడీలున్న గుండ్రటి డబ్బా కొనుక్కొచ్చి, ఊరందరికీ కొట్టిచ్చిన వాళ్ళు నాకు తెలుసు. సీడీ రాస్తున్నంతసేపూ మౌస్ ముట్టుకోనిచ్చేవాళ్ళు కాదు. కంప్యూటర్ ఒక్క క్షణం తడబడి సమాచారం అందించలేకపోతే లేజరు ఆగిపోయేది, ఆ సీడీ ఇక అంతే. దానిమీద టీ గ్లాసు పెట్టుకోవాలి. సీడీ "బర్న్" చేయడమనే మాట సీడీలకంటే పాతది. 1956లో వెన్ సింగ్ చౌ అనే ఇంజనీరు అట్లాస్ క్షిపణి కంప్యూటర్ కోసం ఒక్కసారి మాత్రమే రాయగల జ్ఞాపకాన్ని రూపొందించాడు. ఎక్కువ కరెంటు పంపించి లోపలి కనెక్షన్లలో అక్కర్లేనివాటిని నిజంగానే కాల్చేయడం దాని పద్ధతి. కాలిపోయిన ఫ్యూజు మళ్ళీ అతుక్కోదు కదా, అంతే.

దుకాణంలో అచ్చయిన పాటల సీడీలో సన్నని గుంటలుంటాయి. ఖాళీ సీడీ-ఆర్‌లో గుంటలుండవు. ప్లాస్టిక్‌కూ, అద్దంలాంటి లోహపు పొరకూ మధ్య ఒక రంగు పొర ఉంటుంది. చదివేటప్పుడు లేజరు ఒక మిల్లీవాట్ లోపే వెలుగుతుంది. రాసేటప్పుడు అదే లేజరు ఎన్నో రెట్లు ఎక్కువ శక్తితో చురక పెడుతుంది. ఆ చోట రంగు సుమారు 250 డిగ్రీల దాకా వేడెక్కి విచ్ఛిన్నమవుతుంది. ఇస్త్రీ పెట్టె మరిచిపోయిన చొక్కా మీద మచ్చలాంటిదన్నమాట. మచ్చ ఉన్నచోట వెలుగు సరిగ్గా తిరిగిరాదు, లేనిచోట వస్తుంది. ఈ మచ్చల దారి లోపలి నుంచి బయటికి చుట్టలు చుట్టుకుంటూ పోతుంది. ఒక చుట్టకూ ఇంకో చుట్టకూ మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు. విప్పి సాగదీస్తే అయిదు కిలోమీటర్లు దాటుతుంది.

మళ్ళీమళ్ళీ రాసే సీడీ-ఆర్‌డబ్ల్యూ 1997లో బయటికొచ్చింది. అందులో రంగు లేదు. వెండి, ఇండియం, యాంటిమొనీ, టెల్లూరియం కలిసిన లోహమిశ్రమం ఉంది. దాని కిటుకు తెలియాలంటే వంటింట్లోకి వెళ్ళాలి. చక్కెర పాకం ముదిరిందో లేదో చూడటానికి చల్లని నీళ్ళలో ఒక చుక్క వేస్తాం. బాగా ముదిరితే చటుక్కున గట్టిపడి గాజుపూసలా అవుతుంది. లోపల అణువులు సర్దుకునేంత సమయం లేక, ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి. అదే పాకాన్ని రోజుల తరబడి నెమ్మదిగా చల్లారనిస్తే పటికబెల్లం స్ఫటికాలు కడుతుంది. పదార్థం ఒకటే, అమరిక వేరు. సీడీ-ఆర్‌డబ్ల్యూ మీద లేజరు చేసేది ఇదే. 500 నుంచి 700 డిగ్రీల వేడితో ఒక చుక్కను కరిగిస్తే అది లిప్తలో చల్లారి గాజులా, మసగ్గా మారుతుంది. అదే చుక్కను 200 డిగ్రీల దగ్గర కాస్త నిలబెడితే అణువులు సర్దుకుని స్ఫటికమై మళ్ళీ మెరుస్తుంది. మసక రాయడానికి, మెరుపు చెరపడానికి. ఇలా సుమారు వెయ్యిసార్లు.

ఈ గుణాన్ని లోకానికి చాటింది 1968లో స్టాన్‌ఫర్డ్ ఓవ్‌షిన్‌స్కీ. ఆయన కాలేజీ చదువు చదవలేదు, లేతు యంత్రాల పని నుంచి పైకొచ్చినవాడు. గాజులాంటి పదార్థాలకు కరెంటు సంకేతమిస్తే ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారతాయని ఆయన వ్యాసం రాస్తే పండితులు వెంటనే నమ్మలేదు. తీరా ఆ కుటుంబపు మిశ్రమాలే కోట్ల డిస్కులమీదికి ఎక్కాయి.

అయితే మళ్ళీమళ్ళీ వాడుకునే సౌకర్యానికి ఒక మూల్యం ఉంది. మామూలు సీడీ తనమీద పడిన వెలుగులో కనీసం 70 శాతం తిప్పి పంపితే, సీడీ-ఆర్‌డబ్ల్యూ 15 నుంచి 25 శాతమే పంపుతుంది. అందుకే ఇంట్లో కంప్యూటర్‌లో బ్రహ్మాండంగా పలికిన డిస్కు కారులోని పాత ప్లేయర్‌కు గుడ్డి అద్దంలా కనిపించేది. దుకాణదారు సీడీ-ఆర్ ఇచ్చి పంపడంలో ధర ఒక్కటే కారణం కాదు.

మరి చెరపలేని సీడీ-ఆర్ చిరకాలం ఉంటుందా? ఉండదు. ఈ విషయంలో జనం మోసపోయినంతగా ఇంకెక్కడా మోసపోలేదేమో. లేజరు చురక్కు మారే రంగు, ఎండకూ మారుతుంది. సయనిన్ అనే రంగు వెలుగుకు తొందరగా లొంగిపోతుంది. థాలోసయనిన్ కొంత గట్టిది. కారు అద్దం దగ్గర డాష్‌బోర్డు మీద పడేసిన సీడీ మీద మన లేజరు రాయని మచ్చల్ని సూర్యుడు రాస్తాడు. ఇంకో పొరపాటు, మనం కాపాడేది తప్పు వైపును. మెరిసే వైపు గీత పడకూడదని పట్టుకుని తిరుగుతాం. అక్కడ 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ఉంది, చిన్న గీతలు పడినా లేజరు దాటుకుని చూస్తుంది. లోహపు పొర ఉన్నది పేరు రాసే వైపున, సన్నని లక్క పూత కింద. ముల్లులాంటి బాల్‌పెన్నుతో "చెల్లి పెళ్ళి - 2" అని అటువైపు గట్టిగా ఒత్తి రాశామంటే పెళ్ళిలో కొంత భాగాన్ని మనమే గోకేసినట్టు. చేయి తిరిగిన స్టూడియోవాళ్ళు అందుకే మెత్తని మార్కర్ వాడతారు.

సీడీల తర్వాత చేతికొచ్చిన పెన్‌డ్రైవ్, ఫోను, సీసీటీవీ కార్డు అన్నీ ఫ్లాష్ జ్ఞాపకాలు. దీని తాత 1971లో ఇంటెల్‌లో డోవ్ ఫ్రోమన్ కనిపెట్టిన ఈప్రామ్. చిప్పు నడినెత్తిన ఒక క్వార్ట్జ్ కిటికీ ఉండేది. అందులోంచి అతినీలలోహిత కాంతి కాసేపు పడనిస్తే రాసిందంతా పోయేది. పొరపాటున వెలుగు పడకుండా కిటికీ మీద ఒక స్టిక్కర్ అంటించేవారు. మా అన్నయ్య సెల్లోటేపు చెరపడానికి దారిచ్చింది, ఇక్కడ స్టిక్కర్ చెరక్కుండా కాపు కాసింది. తర్వాత జపాన్‌లో తోషిబా ఇంజనీరు ఫుజియో మసుఓకా కాంతి అవసరం లేకుండా, కరెంటుతోనే పెద్ద భాగాన్ని ఒక్కసారిగా తుడిచేసే పద్ధతి తెచ్చాడు. ఆ తుడవడం కెమెరా ఫ్లాష్‌లా ఉందని సహోద్యోగి ఒకరు అన్న మాటే దానికి పేరైంది.

ఇందులో ఒక్కో గది నలుదిక్కులా మూసిన ద్వీపం. చుట్టూ ఎలక్ట్రాన్లు దాటలేని ఆక్సైడ్ గోడ. బలమైన వోల్టేజీ పెడితే ఎలక్ట్రాన్లు ఆ గోడలోంచి చొరబడి లోపల చిక్కుకుంటాయి. కరెంటు తీసేసినా అక్కడే ఉంటాయి. చెరపాలంటే వాటిని వెనక్కి గుంజాలి. ప్రతి రాకకూ పోకకూ గోడ కొంచెం చితుకుతుంది. గదికి ఒక్క బిట్టే పెట్టే ఖరీదైన రకం లక్షసార్ల దాకా ఓర్చుకుంటుంది. ఒక్కో గదిలో మూడు నాలుగు బిట్లు ఇరికించే చవక రకాలు వెయ్యి, కొన్ని వేలసార్లకే అలసిపోతాయి. రాత్రింబవళ్ళు పాతది చెరిపి కొత్తది రాసే సీసీటీవీలో మామూలు కార్డు పెడితే తొందరగా చచ్చిపోయేది ఇందుకే.

నాకు ఇంతకంటే నచ్చిన తమాషా ఇంకొకటుంది. ఫ్లాష్‌లో రాయడం చిన్న చిన్న పేజీల్లో జరుగుతుంది, పేజీకి 4 నుంచి 16 కిలోబైట్లు. చెరపడం మాత్రం వందల పేజీలున్న దిమ్మగానే జరగాలి. ఒకసారి రాసిన పేజీని, మొత్తం దిమ్మ తుడిచేదాకా దిద్దడానికి వీల్లేదు. కాబట్టి మీరు ఉత్తరంలో ఒక అక్షరం మార్చి సేవ్ నొక్కితే, లోపలి చిప్పు ఆ పేజీని కదిలించదు. కొత్త పేజీ వెతుక్కుని అక్కడ రాసి, పాతదాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. మళ్ళీమళ్ళీ రాసే సాధనం లోలోపల ఒకసారే రాసేదానిలా బతుకుతోంది. దీనికి సరిగ్గా ఎదురు నాటకం సీడీ-ఆర్‌ది. దానిమీద కూడా ఫైలు తీసేసినట్టు చూపించే సాఫ్ట్‌వేర్లుండేవి. అవి చేసేది, పాత ఫైలు ఊసు లేని కొత్త విషయసూచికను ఖాళీ చోట రాయడం. ఫైలు అలాగే ఉంటుంది, చోటు తిరిగిరాదు. పాత ఫోను అమ్మేముందు ఫొటోలు డిలీట్ చేశాం కదా అనుకునేవాళ్ళు ఈ రెండు సంగతులూ గుర్తుపెట్టుకుంటే మంచిది.

వ్యాపారానికి, చట్టానికి కావలసింది మొండితనమే. అమెరికా షేర్‌మార్కెట్ నియంత్రణ సంస్థ 1997లో బ్రోకర్ల రికార్డులను కంప్యూటర్‌లో దాచుకోనిస్తూ, అవి తిరగరాయలేని, చెరపలేని రూపంలో ఉండాలని నిబంధన పెట్టింది. మొదట్లో దీనికి డిస్కులే దిక్కు. తర్వాత టేపులూ వచ్చాయి. పెద్ద సంస్థలు వాడే ఎల్‌టీవో టేపుల్లో మూడో తరం నుంచి ఒకసారి మాత్రమే రాసే రకం ఉంది. విప్పి చూస్తే లోపల అదే అయస్కాంతపు పొడి. టేపు డబ్బాలోని చిన్న చిప్పునూ, ఫ్యాక్టరీలో టేపు మీద వేసిన గుర్తులనూ చూసి డ్రైవ్ తిరగరాయడానికి ఒప్పుకోదు. పదార్థం కాదు, మళ్ళీ యంత్రమే. మన క్యాసెట్ లాక్‌కు ఇది చదువుకున్న తమ్ముడు. క్లౌడ్‌లో ఫైళ్ళకు పెట్టే తాళాలైతే పూర్తిగా సాఫ్ట్‌వేర్ ఇచ్చిన మాట మీదే నిలబడ్డాయి. 2022లో ఆ షేర్‌మార్కెట్ నియంత్రణ సంస్థే ఒక మెట్టు దిగి, చెరపలేనితనం లేకపోయినా ఎవరు ఎప్పుడు ఏం మార్చారో మొత్తం చిట్టా ఉంటే చాలంది.

మన దేశంలో ఈ గొడవ అందరికీ పరిచయమైన చోటు ఓటింగ్ యంత్రం. వాటిని తయారుచేసేది బెంగళూరులోని బెల్, హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. అందులోని ప్రోగ్రాము ఒక్కసారే రాయగల చిప్పులో ఉంటుందని ఎన్నికల సంఘం చెబుతుంది. అయితే అభ్యర్థుల పేర్లు, గుర్తులు ఎన్నికకో రకం. అవి ముద్రించే వీవీప్యాట్‌లోకి ప్రతిసారీ కొత్తగా ఎక్కించక తప్పదు. అపోలో కంప్యూటర్‌లో చూసిన కాపురమే. వాదోపవాదాలు ఈ మెత్తని భాగం చుట్టూ కూడా తిరిగాయి.

కోర్టు దారి ఇంకోటి. 2014లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన ఒక ఎన్నికల కేసులో సాక్ష్యం సీడీల రూపంలో ఉంది. చట్టం అడిగిన ధ్రువపత్రం జతచేయనిదే సీడీ చెల్లదని కోర్టు తేల్చింది. 2024 జులై నుంచి అమలైన కొత్త సాక్ష్య చట్టంలో ఆ పత్రంతోపాటు ఫైలు హ్యాష్ విలువ కూడా రాయాలి. ఫైలు మొత్తాన్ని పిండి తీసిన ఒక పొడవాటి అంకె అది. ఫైలులో ఒక్క బిట్టు మారినా అంకె పూర్తిగా మారిపోతుంది. దీనితో చెరపడం ఆగదు, చెరిపితే దొరికిపోతారు. రాసింది ఎలాంటి సాధనం మీదన్న ప్రశ్నే చాలావరకు తేలిపోయింది.

నిజంగా పదార్థమే మారనని మొరాయించే సాధనాల కోసం వెతుకులాట ఆగలేదు. ఫేస్‌బుక్ 2014లో పదివేల బ్లూరే డిస్కులు పట్టే బీరువాను చూపించింది, అందులో ఒక పెటాబైటు పడుతుంది. మైక్రోసాఫ్ట్ 2019లో అరచేయంత క్వార్ట్జ్ గాజుపలకలో లేజరుతో 1978 నాటి సూపర్‌మ్యాన్ సినిమాను చెక్కింది. మరుగు నీళ్ళు, పొయ్యి వేడి దానికి లెక్కలేదట. చదివే యంత్రాన్ని కూడా వెయ్యేళ్ళు ఎవరు కాపాడతారన్నది నా సందేహం. తిరుమల సంకీర్తన భాండాగారంలో దొరికిన అన్నమయ్య రాగిరేకులు చదవడానికి కంటిచూపూ, తెలుగూ చాలాయి.

మొన్న సంక్రాంతికి అందరం ఊళ్ళో కలిశాం. ఆ మంగళహారతులు పూర్తిగా వచ్చింది ఇప్పుడు మా అమ్మకొక్కదానికే. అన్నయ్య కొడుకు తన చిన్న రికార్డర్ తెచ్చాడు. తీరా బటన్ నొక్కితే కార్డు లాక్ అయిందని చూపించింది. ఎస్‌డీ కార్డు పక్కన జరిపే చిన్న మీట ఉంటుంది చూడండి, దానికీ లోపలి చిప్పుకూ ఏ సంబంధమూ లేదు. ఆ మీట ఎక్కడుందో రికార్డర్ తడిమి చూసుకుని, రాయాలో వద్దో తనే నిర్ణయించుకుంటుంది. వాడి కార్డుకు మీట ఊడిపోయింది. మీట లేని ఖాళీని రికార్డర్ లాక్ కిందే లెక్కేస్తుంది. "సెల్లోటేపు ఉందా నానమ్మా?" అన్నాడు వాడు. సన్నగా కత్తిరించి ఆ గుంట మీద అంటించాడు. రికార్డర్ ఒప్పుకుంది. అమ్మ పాడింది, రెండుచోట్ల ఆగి, చరణం గుర్తుచేసుకుని మళ్ళీ అందుకుంది.

అయ్యాక అన్నయ్య కార్డు తీసి, ఆ సెల్లోటేపు ముక్కను గోటితో మెల్లగా పీకేశాడు.